శక్కర్‌నగర వాక్య వ్యాఖ్య

మూలం

“మనది లాకౌట్ గాదట, లే ఆఫట.”

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. కాలం 2015 డిసెంబరు. స్థలం బోధన్ పట్టణం శక్కర్‌నగర్‌లో నిజాం డెక్కన్ షుగర్స్ గేటు. నోటీసు అంటించిన రోజు గుంపులో నడిమధ్య నిలబడ్డ ఎవరో, ముందున్నవాళ్లు ఇంగ్లిషు కాగితం చదివి చెప్పింది విని వెనకున్నవాళ్లకు అందించి ఉంటారు. కర్త దొరకని వాక్యాన్ని అపౌరుషేయం అనడం మనవాళ్ల మర్యాద. ఆ మర్యాద దీనికీ ఇద్దాం.

నాలుగు మాటలకు ఇంత వ్యాఖ్యానమా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. బ్రహ్మసూత్రాల్లో ఇంతకంటే పొట్టివి చాలా ఉన్నాయి. వాటి మీద భాష్యాలు, ఆ భాష్యాల మీద టీకలు, ఆ టీకల మీద టిప్పణులు వచ్చాయి. అయినా వాటి అర్థం తేలలేదని ఏ ఇంట్లోనూ ఉప్పూ పప్పూ ఆగలేదు. ఇక్కడ మాత్రం ఒక మాట పోయి ఇంకో మాట వస్తే సగం జీతం ఉంటుంది లేదా పోతుంది. టీక ఎక్కడైనా అవసరమంటే ఇక్కడే.

పైగా వ్యాఖ్యానం మన పక్క జిల్లా విద్య. కాళిదాసు కావ్యాలకు టీక రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆ జిల్లాలోనే ముంబోజిపల్లిలో ఈ కంపెనీదే ఇంకో చక్కెర ఫ్యాక్టరీ ఉంది, దానికీ ఇదే నోటీసు అంటింది. సూరిగారు ఉండి ఉంటే ఈ పని ఆయనే చేసేవాడు. ఆయన ప్రతిజ్ఞలో మొదటి సగం నేను పాటిస్తాను. రెండో సగం కూడా పాటిస్తే పేజీ నిండదు.

పాఠాంతరాలు

“లాకౌట్” ఉన్న చోట “లాకప్” అని ఒక పాఠం వినిపిస్తుంది. ఇది తిరస్కరించదగ్గది. లాకప్‌లో మనిషి లోపల ఉంటాడు, బువ్వ సర్కారు పెడుతుంది. లాకౌట్‌లో మనిషి బయట ఉంటాడు, బువ్వ ప్రసక్తి ఎవరూ తేరు.

“లే ఆఫ్” బదులు “లే హాఫ్” అన్నది ఇంకో పాఠం. దీన్ని తప్పని కొట్టిపారేయడానికి ప్రాణం ఒప్పదు. లే ఆఫ్‌లో ఉన్న కార్మికుడికి చట్టం ఇమ్మన్నది మూల వేతనం, కరువు భత్యం కలిపి, అందులో సగం. అన్నవాడి చెవి తప్పింది గాని లెక్క తప్పలేదు.

ప్రతిపదార్థం

మనది = మన ఫ్యాక్టరీ సంగతి. ఈ ‘మన’ ఎవరిది అన్నది తేలాలి. 1937లో ఏడో నిజాం ఏలుబడిలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది, అప్పుడది సర్కారు వారిది. రాజ్యం మారాక ప్రభుత్వ రంగంలోది. 2002లో నూటికి 51 వంతులు డెల్టా పేపర్ మిల్స్‌కు పోయి, 49 వంతులు ప్రభుత్వానికి మిగిలాయి. 51, 49 కలిపితే నూరు. గేటు ముందు నిలబడ్డ మనిషికి ఈ నూటిలో ఏమీ లేదు. అయినా అతను ‘మనది’ అన్నాడు, ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు. కనుక ఇక్కడి షష్ఠీ విభక్తి స్వామ్యాన్ని చెప్పదు.

మరేం చెబుతుంది? మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్ కట్టారు. సాగర్ కాలువ వచ్చింది గనుక చెరకు వచ్చింది. చెరకు వచ్చింది గనుక ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ వచ్చింది గనుక జానకంపేట నుంచి బోధన్ దాకా రైలు పట్టా. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా జిల్లాల రైతులు వచ్చి దిగారు, వాళ్ల ఊళ్లకు ఈనాటికీ ‘క్యాంపు’ అనే పేరు. కార్మికుడికి ఉర్దూ, రైతుకు తెలుగు, పక్క తాలూకా నుంచి చెరకు కొట్టడానికి వచ్చినవాళ్లకు మరాఠీ. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఈ మూడు భాషల్లోనూ చెప్పుకున్నారు. అలా చెప్పుకున్న ప్రతివాడికీ అది ‘మనది’ అయింది. దస్తావేజు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

స్థలపురాణం బోధన్‌ను ఏకచక్రపురం అంటుంది, అంటే బకాసురుడు పొలిమేరలో కూర్చుని బండెడు కూడు తిన్న ఊరు. బండ్లకొద్దీ మింగే నోరు ఈ ఊరికి కొత్త కాదన్నమాట. భేదమల్లా ఒకటే: అసురుడు బండి తోలుకొచ్చినవాణ్ని కూడా మింగేవాడు, ఫ్యాక్టరీ అతనికి కాంటా చీటీ రాసిచ్చేది. ఆ చీటీకి డబ్బు ఎన్నాళ్లకు వచ్చేదన్నది వేరే పర్వం. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు మాత్రం 14 రోజుల్లో ఇవ్వాలనీ, దాటితే ఏడాదికి నూటికి 15 చొప్పున వడ్డీ కట్టాలనీ అంటుంది. ప్రకృతానికి వద్దాం.

లాకౌట్ = తాళం వేసి బయట నిలబెట్టడం. ఇది యోగార్థం. రూఢ్యర్థంలో తాళం ఉండి తీరాలన్న నియమం లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం యజమాని పనిచోటును తాత్కాలికంగా మూసినా, పని ఆపినా, ఉన్న కార్మికులకు ఇక పని ఇయ్యనన్నా అది లాకౌటే. గేటు బార్లా తెరిచి, వాచ్‌మన్ కుర్చీ వేసుకుని బీడీ కాలుస్తూ కూర్చున్నా లాకౌట్ కావచ్చు. కార్మికుడికి సమ్మె ఎట్లాగో యజమానికి లాకౌట్ అట్లాగు.

లే ఆఫ్ = మనిషిని పనిలోంచి పక్కకు తీసిపెట్టడం. తెలుగు చెవికి ఇందులో మొదటి అక్షరం చుట్టంలాగే వినబడుతుంది: లే, లేదు, లేను. ఇది కిట్టించిన వ్యుత్పత్తే, నాకు తెలుసు. కానీ కాసేపట్లో పనికొస్తుంది, అందాకా పక్కన పెట్టండి.

ఈ పదం మన చట్టంలోకి 1953లో దిగింది. ఆ ఏడాది బట్టల మిల్లుల్లో అమ్ముడుపోని సరుకు గుట్టలు పడింది, మిల్లులు షిఫ్టులు ఆపుతాయన్న భయం పుట్టింది. అప్పటికి మధ్యలో పని ఆగిపోయిన కార్మికుడికి చట్టంలో పేరు కూడా లేదు, సొమ్ము సంగతి సరేసరి. అప్పుడు పెట్టిన పేరిది. దాని నిర్వచనం పెద్ద సమాసంలా సాగుతుంది: బొగ్గు, కరెంటు, ముడిసరుకు కొరత వల్ల గాని, సరుకు పేరుకుపోవడం వల్ల గాని, యంత్రం చెడిపోవడం వల్ల గాని, ప్రకృతి కోపం వల్ల గాని, వీటితో ముడిపడ్డ మరో కారణం వల్ల గాని, మస్టర్ రోల్‌లో పేరుండి ఉద్యోగం పోని కార్మికుడికి యజమాని పని ఇవ్వకపోవడం, ఇయ్యననడం, ఇవ్వలేకపోవడం.

ఇందులో కీలకం మస్టర్ రోల్. పేరు పుస్తకంలో ఉంటుంది, మనిషి బజార్లో ఉంటాడు. నిజాం జమానాలో దఫ్తర్లకు ‘బర్తరఫ్’ అనే మాట ఉండేది, అది ఒక్క వేటుతో పేరునూ మనిషినీ కలిపి తీసేసేది. లే ఆఫ్ అంత మోటు కాదు.

గాదు = కాదు. దీని మీద చెప్పేది లేదు.

అట = విన్నాం. ఇది పాదపూరణ కోసం వేసింది కాదు, వాక్యం బరువంతా దీని మీదే ఉంది. తర్కంలో ప్రమాణాలు నాలుగు. వాటిలో ప్రత్యక్షం సులువు: గేటు మూసి ఉంది. అనుమానం కూడా సులువే. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉన్నట్టు అన్నది తర్కం చదివేవాళ్ల మొదటి పాఠం. శక్కర్‌నగర్‌లో దాన్ని తిరగేసి చదువుకున్నారు: గొట్టంలో పొగ లేదు కనుక బాయిలర్‌లో నిప్పు లేదు. పొగ లేనంత మాత్రాన నిప్పు లేదనలేం, ఎర్రగా కాలిన ఇనుప గుండుకు పొగ ఉంటుందా అని తార్కికులు అడ్డుపడతారు. ఇనుప గుండు మీద చెరకు రసం కాగదు కనుక వాళ్లను కూర్చోబెడదాం. ఉపమానం ఇక్కడ పనికిరాదు.

మిగిలింది శబ్దం, అంటే ఆప్తుడి మాట. పని ఆగిందని కళ్లే చెబుతాయి. కానీ ఆగినదాని పేరు లాకౌటా, లే ఆఫా అన్నది కళ్లు చెప్పలేవు, పొగగొట్టం చెప్పలేదు, కాగితమే చెప్పాలి. ఆ కాగితం రాసినవాడు ఆప్తుడవునా కాదా? వక్త తెలివైనవాడు. ఆ పూచీ నెత్తిన వేసుకోకుండా ‘అట’ అని రెండుసార్లు తగిలించి పక్కకు తప్పుకున్నాడు.

లక్షణ పరీక్ష

లక్షణానికి మూడు దోషాలు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం. పై రెండు నిర్వచనాలను పక్కపక్కన పెట్టి చూడండి. లాకౌట్‌లో ‘ఇయ్యననడం’ ఉంది. లే ఆఫ్‌లోనూ ‘ఇయ్యననడం’ ఉంది. ఒక్క మాట రెండిళ్ల కాపురం చేస్తోంది. ఇది అతివ్యాప్తి. మరి ఏది ఏదని ఎట్లా చెప్పడం?

దీనికి సుప్రీంకోర్టు 1960లో భాష్యం చెప్పింది. నీలగిరుల్లో కొటగిరి దగ్గర కైర్‌బెట్టా ఎస్టేట్ అనే తేయాకు తోట ఉంది. 1957లో అక్కడి మేనేజరును కార్మికులు చితకబాదారు. ఎముకలు విరిగాయి. తోటలో ఒక విభాగం సిబ్బంది ఆ వైపు వెళ్లాలంటేనే జడిశారు. యాజమాన్యం ఆ విభాగం మూసి, నెల దాటాక తెరిచింది. మూసినన్నాళ్లకు మాకు లే ఆఫ్ సొమ్ము ఇయ్యండి అని కార్మికులు అడిగారు. కోర్టు కుదరదంది. లే ఆఫ్ అంటే వ్యాపార కారణాలు కమ్ముకొచ్చి యజమాని పని ఇవ్వలేని స్థితి, లాకౌట్ అంటే తగాదాలో అతను కావాలని ఎత్తిన కత్తి, ఇది రెండోది అని తేల్చింది. లే ఆఫ్ సొమ్ము రాలేదు.

ఇంగ్లిషులో అన్ని పేజీలు పట్టిన ఆ విచారం తెలుగు క్రియలో ఒక అక్షరం పని. ‘ఇయ్యను’ అంటే లాకౌట్, ‘ఇయ్యలేను’ అంటే లే ఆఫ్. పక్కన పెట్టమన్న ‘లే’ ఇదే. ఇంతకీ నోటీసు రాసేది యజమాని. ఇయ్యనని రాస్తే తగవు తనవల్ల వచ్చినట్టు, ఇయ్యలేనని రాస్తే తనూ బాధితుడే. నలుగురిలో ఏ మాట మర్యాదగా ఉంటుందో అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక్కడ బోధన్ హోటళ్లలో ఒక వాదం నడుస్తుంది. చెరకు లేక ఫ్యాక్టరీ ఆగిందని ఒక బల్ల దగ్గర. ఫ్యాక్టరీ ఆడుతుందో ఆడదో తెలియక చెరకు పెట్టలేదని ఇంకో బల్ల దగ్గర. చెరకు ఏడాది పంట. కొట్టాక గంటలు గడిచేకొద్దీ తీపి దిగిపోతుంది. కటింగ్ ఆర్డర్ వస్తుందన్న నమ్మకం లేకుండా ముచ్చె నాటేవాడు ఉండడు. ఫ్యాక్టరీకి చెరకు మీద ఆధారం, చెరకుకు ఫ్యాక్టరీ మీద ఆధారం. దీన్ని శాస్త్రంలో అన్యోన్యాశ్రయ దోషం అంటారు. ‘ముడిసరుకు కొరత’ అన్న హేతువును ఈ దోషం పట్టుకుంటే, ‘ఇయ్యలేను’ లోని ‘లే’ ఎంత నిజమన్నది వాదానికి పడుతుంది. రెండు బల్లల్లో రెండోదే నాకు బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే ముందు నాటాల్సినవాడు రైతు, ముందు భరోసా ఇవ్వాల్సినవాడు యజమాని. ఈలోగా ఒక బల్లవాళ్ల చెరకు కామారెడ్డి వైపు గాయత్రి షుగర్స్‌కు లారీ ఎక్కింది, ఇంకో బల్లవాళ్ల చేన్లు వరి మళ్లయ్యాయి. వాదం మాత్రం అక్కడే ఉంది.

అభావ విచారం

‘పని లేదు’ అన్న లేమి ఏ జాతిది? అన్నంభట్టు తర్కసంగ్రహం అభావాలు నాలుగంటుంది. కుండ తయారు కాకముందు కుండ లేకపోవడం ప్రాగభావం, దానికి మొదలు లేదు గాని తుది ఉంది. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం, దానికి మొదలు ఉంది, తుది లేదు. ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం. లాకౌట్ లే ఆఫ్ కాదనడం ఈ చివరిదే.

లే ఆఫ్ ఏ గదిలోకి పోతుంది? దానికి మొదలుంది, నోటీసు మీద తేదీ ఉంది. తుది ఉందని పదమే హామీ ఇస్తోంది. మొదలూ తుదీ రెండూ ఉన్న లేమికి ఈ నాలుగు గదుల్లో చోటు లేదు. అందుకే కొందరు తార్కికులు సామయికాభావం అని ఐదో గది కట్టారు: కుండను ఇక్కణ్నుంచి తీసి, మళ్లీ తెచ్చి పెట్టేదాకా ఉండే లేమి. అబ్బో, లే ఆఫ్‌కు కొలిచి కట్టించినట్టుంది అనుకునేలోపు మరో పక్షం లేచి, ఐదో గది అక్కరలేదు, సామయికాభావం కూడా అత్యంతాభావమే, ఒకానొక సమయంలో కనబడుతుంది గనుక వేరనిపిస్తుంది, అంతే, అని గోడ పడగొట్టింది. వాళ్లకు చక్కెర ఫ్యాక్టరీల సంగతి ఎవరు చెప్పారో గాని, 2015 నుంచి లెక్కేసుకున్నవాడికి రెండో పక్షమే గెలిచినట్టు కనిపిస్తుంది.

సీజన్ సూత్రం

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. లే ఆఫ్ సొమ్ము ఇచ్చే సెక్షన్లు రుతువును బట్టి నడిచే పరిశ్రమలకు వర్తించవని ఆ చట్టమే అంటుంది. ఏది రుతువును బట్టి నడిచేది అన్న సందేహం వస్తే ప్రభుత్వం మాటే ఆఖరు మాట. చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడు ఆడుతుంది? చలి మొదలయ్యాక పొయ్యి రాజేస్తే ఎండలు ముదిరేలోపు చల్లారుస్తారు. దాన్నే సీజన్ అంటారు. మిగతా నెలలు ఆఫ్ సీజన్. ఆ నెలల్లో ఓవర్‌హాలింగ్‌కు పర్మినెంట్‌వాళ్లు ఉంటారు. సీజనల్‌వాళ్లు ఇళ్లకు పోతారు, మళ్లీ సీజన్‌కు తప్పక రావాలని వాళ్లకు రిటెన్షన్ అలవెన్స్ అని కొంత ముట్టజెబుతారు.

అంటే ఈ బెల్టు మనిషికి ‘ఆఫ్’ కొత్త మాట కాదు. ఏటా వినేదే, ఏటా తీరేదే. ఆఫ్ సీజన్‌కూ లే ఆఫ్‌కూ తేడా ఒక్క ముందు మాటలో ఉందనుకుని, దసరా దాటితే గొట్టం పొగ ఊదుతుందనుకున్నవాళ్లు ఉంటే అది వాళ్ల అమాయకత్వం కాదు, ఇన్నేళ్ల అభ్యాసం.

హాజరు విధి

లే ఆఫ్‌లో ఉన్నవాడు సొమ్ము అడగాలంటే రోజుకు ఒక్కసారైనా, పని వేళలో, నియమించిన సమయానికి గేటు దగ్గర కనబడాలి. వచ్చిన రెండు గంటల్లోపు పని చూపకపోతే ఆ రోజుకు లే ఆఫ్ అయినట్టు. షిఫ్టు రెండో సగంలో రమ్మని చెప్పి, అప్పుడు పనిస్తే సగం రోజే లే ఆఫ్. రెండో సగంలో వచ్చినా పని ఇవ్వకపోతే ఆ సగానికి పూర్తి జీతం. పూర్వమీమాంసకులు యజ్ఞపశువు ఏ కాలు ముందు పెట్టాలని ఇంత తరచి చూశారో లేదో. సారాంశం చెప్పాలంటే, పని లేదని చెప్పించుకోవడానికి మనిషి సద్ది కట్టుకుని రోజూ రావాలి. లాకౌట్‌లో ఈ శ్రమ లేదు, ఇంట్లోనే కూర్చోవచ్చు.

పెద్ద ఫ్యాక్టరీలకు ఇంకో నియమం కూడా ఉండేది. 1947 చట్టం కింద కనీసం 100 మంది ఉన్న చోట లే ఆఫ్ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాల్సి ఉండేది. కరెంటు పోతేనో, ప్రకృతి కోపిస్తేనో తప్ప. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోకి లాకౌట్, లే ఆఫ్ నిర్వచనాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే నడిచొచ్చాయి. 100 మాత్రం 300 అయింది.

ద్వీపాంతర ప్రయోగం

నిజామాబాద్ పిల్లలు అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు గనుక ఈ పదం ఇప్పుడు ఫోన్లలో కూడా వస్తోంది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని లే ఆఫ్ చేశాయి. ఆ వార్త విని శక్కర్‌నగర్ పెద్దమనిషి ఒకరు కొడుక్కి ధైర్యం చెబుతున్నాడనుకోండి: “ఏం గాదు బిడ్డా, పేరైతే ఉంటది, సగం జీతమొస్తది, రోజొకసారి గేటుకాడికి పోయి కనబడు.” కొడుకు ఏం చెప్పగలడు? అక్కడ లే ఆఫ్ అంటే పేరు కొట్టేయడమే. ల్యాప్‌టాప్ తెరిచేసరికి లోపలికి రానివ్వదు. హెచ్1బీ మీద ఉన్నవాడైతే ఇంకో కొలువు చూసుకోవడానికి 60 రోజుల గడువు, దొరక్కపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ దేశంలోనూ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలు లే ఆఫ్ చేసి, బేరాలు పుంజుకోగానే వెనక్కి పిలిచేవి. పిలవడం తగ్గేకొద్దీ మాట అర్థం ముదిరిపోయింది. అక్కడి లే ఆఫ్‌కు ఇక్కడి చట్టంలో పేరు రిట్రెంచ్‌మెంట్.

గల్ఫ్‌కు పోయొచ్చినవాళ్లకు ఈ భేదం చెప్పడం తేలిక, ఈ జిల్లాలో వాళ్లు కొల్లలు. సౌదీలో ఛుట్టీ మీద ఇంటికొచ్చేవాడి పాస్‌పోర్టుకు రీఎంట్రీ ఉంటుంది, తిరిగి పోతాడు. ఫైనల్ ఎగ్జిట్ కొడితే కథ ముగిసినట్టు. బోధన్ లే ఆఫ్ రీఎంట్రీ ఉన్న ఛుట్టీ. అమెరికా లే ఆఫ్ ఫైనల్ ఎగ్జిట్. ఛుట్టీ ఎన్నాళ్లని కఫీల్‌ను, అంటే అక్కడి యజమానిని, అడగొచ్చు గాని, కఫీలే కనబడకపోతే ఎట్లా అని వాళ్లే మళ్లీ అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పూర్వపక్షం, సమాధానం

“ఏదైతేంది పంతులూ, పొయ్యి లేస్తలేదు గద. లాకౌటైతే ఏమాయె, లే ఆఫైతే ఏమాయె?” అన్నది పూర్వపక్షం. బలమైనదే. దీనికి సమాధానం ఇంకో చట్టపుస్తకంలో ఉంది.

2019లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఈ కంపెనీని లిక్విడేషన్‌కు పంపింది. చక్కెర ఫ్యాక్టరీని ద్రవం చేయడమేమిటని నవ్వొచ్చే మాటే, గట్టిపడ్డదాన్ని మళ్లీ పాకం పట్టినట్టు. అయితే 2016 నాటి దివాలా కోడ్‌లో ఒక వాక్యం ఉంది: లిక్విడేషన్ ఆదేశమే ఉద్యోగులకూ కార్మికులకూ విడుదల నోటీసుగా భావించాలి, లిక్విడేటర్ వ్యాపారం నడిపిస్తే తప్ప. లే ఆఫ్ ఏ ఒక్కదాన్ని కాపాడుతానందో, మస్టర్ రోల్‌లోని ఆ పేరును ఇంకో శాస్త్రం ‘భావించాలి’ అన్న ఒక్క మాటతో తుడిచేస్తుంది. పైగా ఆ శాస్త్రంలో ఆస్తులు అమ్మిన సొమ్ములో బ్యాంకులతో సమానంగా కార్మికుల బాకీకి పీట వేసేది ఆదేశానికి ముందు 24 నెలల మేరకే. 2015 డిసెంబరు నుంచి 2019 దాకా ఎన్ని నెలలో లెక్కపెట్టండి. 24 దాటిన బాకీ వరసలో కిందికి పోతుంది. తాత్కాలికం అన్న మాట ఎంత సాగితే అంత నష్టం అన్నమాట. మొదటి రోజే మూసివేత అని రాసి ఉంటే, చట్టం పెట్టిన లెక్క ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం. అది తక్కువే కావచ్చు, కానీ దానికి తేదీ ఉండేది.

కనుక పూర్వపక్షీ, తేడా ఉంది. పొయ్యి విషయంలో నీ మాటే నిజం.

‘తెరిపిస్తాం’ అనే భవిష్యదర్థక క్రియకు కూడా టీక రాయమని మిత్రులు అడిగారు. 2014లో ఒక పార్టీ దాన్ని ప్రయోగించింది, 2023లో ఇంకో పార్టీ ప్రయోగించింది, 2024లో మంత్రులతో సంఘం వేశారు. క్రియ ఇంకా భవిష్యత్తులోనే ఉంది గనుక వ్యాఖ్యకు కాలం రాలేదు.

తాత్పర్యం

ఓ జనులారా, మన ఫ్యాక్టరీ యజమాని పని ఇయ్యనన్నాడని మనం అనుకుంటిమి. అది పొరపాటనియు, ఆయన ఇయ్యలేనన్నాడనియు, మన పేర్లు పుస్తకములో పదిలముగా నున్నవనియు, సగము జీతము రావలయుననియు, అందులకై దినదినము గేటు కడకు పోవలయుననియు విన్నాము. విన్నామే గాని చూడలేదు అని భావము.

ప్రయోగ విధి

ఏ పదం ఎక్కడ వాడాలో తెలియక సభల్లో నవ్వులపాలయ్యేవారి కోసం కొద్దిగా. కిరాణా కొట్టులో లాకౌట్ అనకూడదు, ఖాతా మూస్తాడు. లే ఆఫ్ అంటే ఇంకో నెల రాసుకుంటాడు. యూనియన్ మీటింగ్‌లో లే ఆఫ్ అనకూడదు, యాజమాన్యం మనిషివా అంటారు. అక్కడ లాకౌట్ అనే అనాలి, వీలైతే ముందు ‘అక్రమ’ చేర్చాలి. బ్యాంకు మేనేజరు ముందు రెండూ అనకూడదు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ రెండు పదాలూ లేకుండానే అర్థమంతా చెప్పే పద్ధతి ఉంది, దానికి ఉదాహరణ:

“పిలగాని బాపు ఏం జేస్తడే?”

“షుగర్ ఫ్యాక్టరీల పర్మినెంట్, అన్నా.”

“మరి ఫ్యాక్టరీ బందున్నదంటరు గద?”

“గది టెంపరరీ.”